బంతి తగిలిన ఆ మిల్లీ సెకనులో బలం ఎటు?

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ చదివినవాళ్లలో చాలామంది ఈ లెక్క చేసే ఉంటారు. 150 గ్రాముల బంతి గంటకు 54 కిలోమీటర్ల వడితో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున వస్తోంది. బ్యాటర్ వడి మారకుండా దాన్ని 45 డిగ్రీలు మళ్లించాడు. బంతికి అందిన ప్రచోదనం, అంటే దాని ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశి ఇంటూ వేగం) వచ్చిన మార్పు, ఎంత?

చూడ్డానికి రెండు లైన్ల లెక్క. చేయిస్తే మాత్రం రకరకాల జవాబులు వస్తాయి. వడి మారలేదు కాబట్టి సున్నా అనేది ఒకటి. బంతి వెనక్కి వెళ్లింది కదా అని 15కి 15 కలిపి, ఆ 30ని 0.15తో గుణించి 4.5 అనేది ఇంకొకటి. పుస్తకం చివర ఉండే జవాబు 4.2 న్యూటన్-సెకన్లు. వీటితో పాటు 1.72 అనే జవాబు కూడా అప్పుడప్పుడు వస్తుంది. విచిత్రమేమిటంటే, 1.72 తెచ్చినవాళ్లు లెక్కలో ఎక్కడా తప్పు చేయరు. వాళ్లు ప్రశ్నను వేరేగా చదువుతారు, అంతే.

సున్నా అన్నవాళ్లది, దిశ కూడా ఉండే వేగానికీ దిశ లేని వడికీ తేడా మరిచిపోయిన తప్పు. 4.5 అన్నవాళ్లు దిశ మారిందని గుర్తించారు గానీ, బంతి వచ్చిన దారినే నేరుగా వెనక్కి పోయిందనుకున్నారు. పుస్తకం లెక్కలో అది వచ్చిన దారికి 45 డిగ్రీల పక్కగా వెనక్కి పోయింది. కాబట్టి వేగాన్ని రెండు అంశాలుగా విడదీయాలి. వచ్చిన దిశలో మొదట +15. తర్వాత అదే గీత మీద వెనక్కి 10.6 (15ను cos 45°తో గుణిస్తే వచ్చేది), అంటే −10.6. మార్పు −25.6. పక్క దిశలో మొదట సున్నా, తర్వాత 10.6. మార్పు 10.6. రెంటినీ 0.15తో గుణిస్తే 3.84, 1.59 వస్తాయి. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 4.16. పుస్తకం దాన్నే 4.2 అని రాసుకుంది.

మరి 1.72 ఎక్కడిది? "45 డిగ్రీలు మళ్లించాడు" అన్న మాటను, బంతి పోతున్న దారి నుంచి 45 డిగ్రీలు పక్కకి తిరిగి ముందుకే సాగిందని కూడా చదవొచ్చు. నిజానికి మళ్లించడం అంటే మామూలు తెలుగులో అదే. రోడ్డు మీద ట్రాఫిక్ మళ్లించారంటే బండ్లన్నీ వెనక్కి తిరిగాయని అర్థం కాదు. అలా చదివితే వచ్చిన దిశలో బంతి 15 నుంచి 10.6కి తగ్గింది, మార్పు −4.4 మాత్రమే. పక్కకి 10.6. ప్రచోదనం 1.72. మొదటి అర్థంలో వచ్చినదానిలో సగం కూడా లేదు. తప్పు విద్యార్థిది కాదు, బొమ్మ లేకుండా ప్రశ్న ఇచ్చినవాళ్లది.

మైదానంలో ఈ రెండూ రెండు వేరు షాట్లు. మొదటిదాంట్లో బలం దిశ బంతి వచ్చిన దారికి 22.5 డిగ్రీల తేడాలో ఉంది. అంటే బ్యాట్ ముఖం దాదాపు బౌలర్ వైపే చూస్తోంది. రెండోదాంట్లో ఆ తేడా 67.5 డిగ్రీలు. బ్యాట్ ముఖం బాగా పక్కకి తిరిగి, బంతి దాన్ని రాసుకుంటూ బ్యాటర్ వెనక్కి జారిపోయింది. కామెంటేటర్లు గ్లాన్స్ అనేది దీన్నే. ఘర్షణ పట్టించుకోకపోతే, బలం ఎప్పుడూ బ్యాట్ ముఖానికి లంబంగానే పనిచేస్తుంది. బ్యాట్ కదులుతున్నా సరే అంతే. అందుకే బంతి రాక, పోక తెలిస్తే చాలు, బ్యాట్ ఎటు తిరిగి ఉందో వెనక్కి లెక్క కట్టొచ్చు. అజారుద్దీన్ నుంచి లక్ష్మణ్ దాకా హైదరాబాద్ బ్యాటర్ల మణికట్టు గురించి చెప్పుకోనివాళ్లుండరు. ఆ మణికట్టు చేసేది ఆఖరి క్షణంలో ఈ లంబరేఖను కాస్త తిప్పడం. బలం పెంచడం కంటే దాని దిశ మార్చడమే అక్కడ అసలు పని.

ఇలా విడదీయడం ఎందుకు పనిచేస్తుందంటే, ప్రతి దిశకూ తన ఖాతా తనదే. నిలువుగా జరిగిన మార్పుకు నిలువు బలమే కారణం, అడ్డంగా జరిగిన మార్పుకు అడ్డ బలమే. ఒక ఖాతాలో మిగులు ఇంకో ఖాతాలో అప్పు తీర్చదు. ఒక్కో దిశలో ద్రవ్యవేగంలో వచ్చిన మార్పును తాకిడి సాగిన కాలంతో భాగిస్తే ఆ దిశలో సరాసరి బలం వస్తుంది. న్యూటన్ 1687లో రెండో సూత్రం చెప్పింది కూడా ఇలాగే. త్వరణం అనే మాట అందులో లేదు, చలనంలో మార్పు గురించే ఉంది. ద్రవ్యరాశి ఇంటూ త్వరణం అని బట్టీ పట్టిన రూపం కంటే బంతి లెక్కకు ఆ పాత రూపమే దగ్గర.

దిశల్ని ఎలా ఎంచుకున్నా చివరి జవాబు ఒకటే వస్తుంది. అయినా ఒక ఎంపిక మిగతావాటికంటే మేలు. బంతి తగిలిన తలానికి లంబంగా ఒకటి, తలం వెంబడి ఒకటి. ఎందుకంటే ఈ రెండు దిశల్లో జరిగే పనులు వేరు. లంబ దిశలో బంతి నొక్కుకుపోయి తిరిగి సాగుతుంది. ఎంత వేగం తిరిగొస్తుందో ప్రత్యావస్థాన గుణకం చెబుతుంది. తలం వెంబడి జరిగేదంతా ఘర్షణ పని. గోడ నున్నగా ఉందని ప్రశ్నలో ఇస్తే ఆ దిశలో వేగం మారకూడదు. నున్నటి గోడ అని రాసి, గోడ వెంబడి వేగం కూడా తగ్గినట్టు అంకెలిచ్చే ప్రశ్నపత్రాలు ఉంటాయి. అలాంటి ప్రశ్నకు ఎన్ని దశాంశాల దాకా లెక్క కట్టినా ప్రయోజనం లేదు.

పిచ్ మీద పడ్డ బంతిని తీసుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. క్రికెట్ నిబంధనల ప్రకారం పురుషుల ఆటలో బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. 160 అనుకుందాం. ఫాస్ట్ బౌలర్ వేసిన బంతి పిచ్‌ను తాకేముందు ముందుకు సెకనుకు 33 మీటర్లు, కిందికి 7 మీటర్ల వేగంతో ఉందనుకుందాం. తాకాక ముందుకు 30.2, పైకి 3.5. అడ్డ దిశలో మార్పు −2.8. నిలువులో కిందికి 7 పోయి పైకి 3.5 వచ్చింది కాబట్టి మార్పు 10.5. ఇక్కడే 7లోంచి 3.5 తీసేసి 3.5 అని రాసేవాళ్లు ఎక్కువ. కిందికి ఉన్నదాన్ని మైనస్ అనుకున్నప్పుడు, మైనస్ 7ను తీసేయడమంటే 7 కలపడమే. ఈ ఒక్క గుర్తు తప్పితే నిలువు బలం మూడో వంతుకు పడిపోతుంది.

ప్రచోదనాలు: నిలువుగా 1.68, అడ్డంగా వెనక్కి 0.448 న్యూటన్-సెకన్లు. తాకిడి 2 మిల్లీ సెకన్లు సాగిందనుకుంటే సరాసరి నిలువు బలం 840 న్యూటన్లు, అడ్డ బలం 224 న్యూటన్లు. 86 కిలోల మనిషి నేల మీద నిలబడితే కాళ్ల కింద ఎంత బలం ఉంటుందో, ఆ చిన్న ఎర్ర బంతి కింద ఒక్క క్షణం అంత ఉంటుంది. రెంటినీ కలిపితే దాదాపు 870 న్యూటన్లు, నిలువు నుంచి బౌలర్ వైపు సుమారు 15 డిగ్రీలు వాలి.

ఆ 2 మిల్లీ సెకన్లు ఎక్కడివి? అనుకున్నవే. 1 మిల్లీ సెకను అనుకుంటే 840 కాస్తా 1680 అవుతుంది, 4 అనుకుంటే 420 అవుతుంది. బలం ఎంత అన్న ప్రశ్నకు జవాబు మొత్తం ఈ ఒక్క అంకె మీద ఊగుతోంది. అదే అడ్డ బలాన్ని నిలువు బలంతో భాగించి చూడండి. 224ని 840తో భాగించినా, 448ని 1680తో భాగించినా వచ్చేది 0.27. కాలం పైనా కిందా కొట్టుకుపోతుంది. ద్రవ్యరాశి కూడా కొట్టుకుపోతుంది. మిగిలేది వేగాల మార్పుల నిష్పత్తి ఒక్కటే, 2.8 బై 10.5. సరాసరి బలం లెక్కల్లో నమ్మదగ్గ ఫలితం అంశాల నిష్పత్తి. బలం పరిమాణం దానికన్నా ఒక మెట్టు కిందే ఉంటుంది. పరీక్షల్లో మాత్రం పరిమాణం అడిగి ఊరుకుంటారు.

ఈ మాటలో ఎంత పస ఉందో టెన్నిస్ వాళ్లను చూస్తే తెలుస్తుంది. కోర్టు ఎంత వేగంగా ఆడుతుందో తేల్చడానికి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యకు ఒక రేటింగ్ పద్ధతి ఉంది. యంత్రంతో బంతిని సెకనుకు సుమారు 30 మీటర్ల వేగంతో, నేలకు 16 డిగ్రీల పల్చటి కోణంలో స్పిన్ లేకుండా కోర్టు మీదికి వదులుతారు. తాకేముందు, తాకిన తర్వాత వేగాల అంశాల్ని కొలుస్తారు. తాకిడి కాలాన్ని కొలిచే పనే లేదు, బలం ఎన్ని న్యూటన్లో తేల్చే పనీ లేదు. కోర్టు వెంబడి తగ్గిన వేగాన్ని, నిలువు వేగంలో వచ్చిన మొత్తం మార్పుతో భాగిస్తే ఘర్షణ గుణకం (ఘర్షణ బలానికీ లంబ బలానికీ నిష్పత్తి) వస్తుంది. నిలువుగా తిరిగొచ్చిన వేగాన్ని వచ్చిన వేగంతో భాగిస్తే ప్రత్యావస్థాన గుణకం వస్తుంది.

ఒక ఉదాహరణ. 30 మీటర్ల వేగం, 16 డిగ్రీలు అంటే కోర్టు వెంబడి 28.8, కిందికి 8.3. బంతి లేచాక వెంబడి 19.9, పైకి 6.6 ఉందనుకుందాం. పోయింది 8.9, నిలువు మార్పు 14.9, నిష్పత్తి 0.6. ప్రత్యావస్థానం 0.8. రేటింగ్ సూత్రంలో, ఒకటిలోంచి ఘర్షణ గుణకం తీసేసి వందతో గుణిస్తారు. 0.81లోంచి ప్రత్యావస్థానం తీసేసి 150తో గుణించి దానికి కలుపుతారు. ఇక్కడ 40, 1.5 కలిసి 41.5 అవుతుంది. 29, అంతకన్నా తక్కువైతే నెమ్మది కోర్టు, 45 లేదా ఆపైన అయితే వేగవంతమైనది. మన ఉదాహరణ మధ్యస్థం కంటే కొంచెం వేగం వైపున్న తరగతిలో పడుతుంది. మట్టి కోర్టులో ఘర్షణ ఎక్కువ, బంతి ఎత్తుకూ ఎక్కువే లేస్తుంది. అందుకే అక్కడ ర్యాలీలు తెగవు. గడ్డి కోర్టులో రెండూ తక్కువ.

ఇదే పని ఫోన్‌తోనూ చేసుకోవచ్చు, కొంతవరకు. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య 4 మిల్లీ సెకన్లకు పైనే గడుస్తుంది. బ్యాట్‌కు క్రికెట్ బంతి తగిలి విడిపోయే కాలం దాదాపు 1 మిల్లీ సెకను. రెండు ఫ్రేముల మధ్యలోనే కథ ముగిసిపోవచ్చు. కాబట్టి ఫోన్ వీడియోతో బలం ఎంతో చెప్పలేం. ముందు నాలుగు ఫ్రేములు, తర్వాత నాలుగు ఫ్రేములు చూసి బలం ఎటు వాలిందో మాత్రం బాగానే చెప్పొచ్చు.

ఇప్పటిదాకా అన్నీ ఒకే తలంలో జరిగాయి. స్పిన్నర్ వచ్చేసరికి మూడో అంశం చేరుతుంది. ఆఫ్ స్పిన్నర్ బంతి ముందుకు 20, కిందికి 6 మీటర్ల వేగంతో పిచ్ అయిందనుకుందాం. లేచాక ముందుకు 17, పైకి 3.5, పక్కకి 1.5. మళ్లీ 2 మిల్లీ సెకన్లే అనుకుంటే నిలువుగా 760, వెనక్కి 240, పక్కకి 120 న్యూటన్లు. పక్క బలం నిలువు బలంలో ఆరో వంతు కూడా లేదు. అయినా పిచ్ అయిన చోటు నుంచి స్టంప్స్ 4 మీటర్ల దూరంలో ఉంటే, బంతి అక్కడికి చేరేలోగా 35 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది. వికెట్ మీద స్టంప్స్ మొత్తం వెడల్పు 22.86 సెంటీమీటర్లు. మిడిల్ స్టంప్ మీదికి రావాల్సిన బంతి స్టంప్స్ దాటి పక్కకి పోవడానికి ఆ ఆరో వంతు బలం ఎక్కువే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, వెనక్కి ఉన్న ఘర్షణనూ పక్కకి ఉన్న ఘర్షణనూ రెండు వేరు ఘర్షణలు అనుకుని ఒక్కోదాన్ని విడిగా గుణకంతో పోల్చడం. నేల ఇచ్చే ఘర్షణ ఒక్కటే. 240, 120 దాని అంశాలు. రెండూ కలిసి 268 న్యూటన్లు. 760తో పోలిస్తే 0.35. ఆ పిచ్‌కూ బంతికీ మధ్య ఘర్షణ గుణకం 0.35 కంటే తక్కువైతే ఇచ్చిన అంకెలు అసాధ్యం. పచ్చి మీదున్న పిచ్ మీద ఇంత తిప్పాడని లెక్కలో వస్తే లెక్కనే అనుమానించాలి.

ఇక కాలం సంగతి. కొలతల్లో తేలినవి స్థూలంగా ఇలా ఉంటాయి: టెన్నిస్ బంతి రాకెట్ తీగల మీద 5 మిల్లీ సెకన్లు, గోల్ఫ్ బంతి అర మిల్లీ సెకను. వేగం పెరిగితే ఈ కాలం తగ్గుతుందా? గట్టి గోళాలు ఒకదానికొకటి నొక్కుకున్నప్పుడు ఏమవుతుందో 1882లో హైన్‌రిఖ్ హెర్ట్జ్ లెక్క కట్టాడు. రేడియో తరంగాలతో మనకు తెలిసిన హెర్ట్జే. దాని ప్రకారం వేగం రెట్టింపైతే తాకిడి కాలం 13 శాతం మాత్రమే తగ్గుతుంది. అందువల్ల సరాసరి బలం రెట్టింపు కంటే కాస్త ఎక్కువగా, దాదాపు 2.3 రెట్లవుతుంది. నిజం బంతులు అచ్చం ఆ సూత్రం ప్రకారం నడవవు గానీ, కాలం పెద్దగా మారదన్న సంగతి వాటికీ వర్తిస్తుంది.

సరాసరి అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. 840 న్యూటన్లు సరాసరి అంటే, బలం సున్నా నుంచి పెరిగి, ఒక శిఖరం చేరి, మళ్లీ సున్నాకు దిగింది అని. స్ప్రింగులా నొక్కుకుంటే ఆ శిఖరం సరాసరికి 1.57 రెట్లు, హెర్ట్జ్ లెక్కలో దాదాపు 1.84 రెట్లు. బంతి పగులుతుందా, వేలు విరుగుతుందా అని తేల్చేది శిఖరమే. పైగా సరాసరి రెండు రకాలు. ద్రవ్యవేగం మార్పును కాలంతో భాగిస్తే వచ్చేది కాలం మీద సరాసరి. గతిజ శక్తిని నొక్కుకున్న దూరంతో భాగిస్తే వచ్చేది దూరం మీద సరాసరి. స్ప్రింగులాంటి తాకిడిలో మొదటిది శిఖరంలో 64 శాతం, రెండోది 50 శాతం. ఒకే ప్రశ్నకు ఇద్దరు ఈ రెండు దారుల్లో చేసి, జవాబులు కలవక ఒకరినొకరు తప్పుపట్టుకోవడం వింతేం కాదు. ఇద్దరూ కరెక్టే, వేరువేరు సరాసరులు చెబుతున్నారు.

బంతి బరువును వదిలేయొచ్చా? క్రికెట్ బంతి బరువు 1.6 న్యూటన్లు. 840 ముందు అది లెక్కలోకి రాదు. నిలువు అంశంలో మాత్రమే అది చేరుతుంది, అడ్డ అంశానికి దానితో సంబంధమే లేదు. కానీ ఎప్పుడూ వదిలేయడం అలవాటైతే ఇంకోచోట దెబ్బ తింటాం. 60 కిలోల మనిషి అర మీటరు గట్టు మీంచి దూకి, మోకాళ్లు వంచి 0.3 సెకన్లలో ఆగాడనుకోండి. ద్రవ్యవేగం మార్పును కాలంతో భాగిస్తే 626 న్యూటన్లు. అది నికర బలం మాత్రమే. నేల అతని బరువును కూడా మోస్తోంది కాబట్టి, పాదాల కింద నిజంగా ఉన్న బలం 1214. వదిలేస్తే జవాబు సగానికి సగం తప్పుతుంది. బరువు చిన్నదా పెద్దదా అన్నది బంతిని బట్టి కాదు, తాకిడి కాలాన్ని బట్టి.

తలం వెంబడి ఉన్న అంశం విషయంలో ఇంకో చిక్కుంది. బంతి తాకినంతసేపూ జారుతూనే ఉంటే ఘర్షణ మొత్తం ఒకే వైపు లాగుతుంది. పైన నిష్పత్తిని ఘర్షణ గుణకం అన్నది ఆ పరిస్థితిలోనే. స్పిన్ లేకుండా వచ్చిన గట్టి గోళం ముందుకున్న వేగంలో ఏడింట రెండు వంతులు పోగొట్టుకునేసరికి దొర్లడం మొదలవుతుంది. మన ఫాస్ట్ బౌలర్ బంతికి ఆ హద్దు 9.4, పోయింది 2.8, కాబట్టి అది జారుతూనే వెళ్లింది. బంతి నిలువుగా, గట్టిగా పడితే కథ మారుతుంది. కింది భాగం నేలను పట్టేసి ఆగిపోతుంది, పైభాగం ఇంకా ముందుకు పోతూ ఉంటుంది. రబ్బరు పక్కకి వంగి, మళ్లీ వెనక్కి కొడుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్ క్రాస్ రకరకాల బంతుల్ని బలం కొలిచే పలక మీద పడేసి, ఘర్షణ బలం తాకిడి మధ్యలోనే దిశ తిప్పుకోవడం కొలిచి చూపాడు.

అలాంటి తాకిడిలో అడ్డ అంశం సరాసరి చిన్నగా వస్తుంది. ఘర్షణ లేనందువల్ల కాదు. మొదటి సగంలో వెనక్కి లాగిన బలం, రెండో సగంలో ముందుకు నెట్టిన బలం ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకోవడం వల్ల. నిష్పత్తి 0.1 వచ్చింది కాబట్టి నేల నున్నగా ఉందని ఇక్కడ అనలేం. నిష్పత్తి చెప్పేది ఘర్షణ గుణకం కనీసం ఇంత ఉండాలన్న కింది హద్దు మాత్రమే. బంతి జారిందో, పట్టిందో తెలుసుకోవాలంటే అది లేచాక ఎంత తిరుగుతోందో కూడా చూడాలి. బంతి మీద ఒక గీత గీసి వీడియో తీస్తే ఆ తిరుగుడు కూడా దొరుకుతుంది.